పామాయిల్ మొక్క దించుకునే ముందు దాని పుట్టుక అడగండి

పత్తి విత్తనం మోసం చేస్తే 2 నెలల్లో తెలిసిపోతుంది. మిరప నారు తేడా అయితే పూతకో కాతకో బయటపడుతుంది. ఆ ఏడు పోయిందనుకొని మరుసటి ఏడు ఇంకో పంట వేసుకుంటాం. పామాయిల్ మొక్క సంగతి అలా కాదు. నాటిన రోజు పచ్చగా ఉంటుంది, ఏడాదికీ పచ్చగా ఉంటుంది, మూడో ఏడు చూసినవాళ్లు మెచ్చుకునేంత ఏపుగా ఉంటుంది. మొక్కలో లోపం ఉంటే అది నాలుగో ఏట గెల కోయబోయినప్పుడు తేలుతుంది. అప్పటికి బోరు అప్పు, డ్రిప్పు ఖర్చు, ఎరువులు, కూలీ అన్నీ భూమిలోకి వెళ్లిపోయి ఉంటాయి. ఎకరంనర, రెండెకరాలు ఉన్న రైతుకు 4 ఏళ్లంటే మాటలు కావు.

అశ్వారావుపేట, దమ్మపేట మండలాల్లో 1990ల నుంచే ఈ తోటలున్నాయి. ఇప్పుడు ములకలపల్లి, చండ్రుగొండ, అన్నపురెడ్డిపల్లి వైపు అడవి అంచు ఊళ్లకూ పాకాయి. కొత్తగా వేస్తున్నవాళ్లలో చిన్న కమతాల రైతులు చాలామంది. వీళ్లలో ఎక్కువమందికి తెలియని సంగతి ఏమిటంటే, నర్సరీ సంచిలో కనబడే ఆ మొక్క చాలాసార్లు ఇక్కడ పుట్టింది కాదు. సముద్రాల అవతల మొలకెత్తి, విమానమెక్కి, కస్టమ్స్ దాటి వచ్చింది. ఆ దారిలో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా చివరికి అది వచ్చి పడేది మన గుంతలోనే.

ఎందుకు తెప్పిస్తారు?

పామాయిల్ అసలు ఆఫ్రికా చెట్టు. 1848లో జావా దీవిలోని బొగోర్ ఉద్యానవనంలో 4 మొక్కలు నాటారు. ఆసియాలో తర్వాత వచ్చిన తోటలకు తల్లి వైపు మూలం ఆ నాలుగే. అంటే మొలక ఒక్కటే కాదు, ఈ పంట మొత్తం దిగుమతి సరుకే.

ఇందులో 3 రకాలు. డ్యూరా కాయకు టెంక మందం, గుజ్జు తక్కువ. పిసిఫెరాకు టెంకే ఉండదు, కానీ చాలా చెట్లు గొడ్డువి, గెల పండక ముందే కుళ్లిపోతుంది. ఈ రెండింటినీ సంకరం చేస్తే వచ్చేది టెనెరా. టెంక పల్చన, గుజ్జు ఎక్కువ, నూనె ఎక్కువ. తోటలో ఉండాల్సింది టెనెరా ఒక్కటే. డ్యూరా తల్లి చెట్టు పూతకు సంచి కట్టి, బయటి పుప్పొడి సోకకుండా కాపాడి, పిసిఫెరా పుప్పొడి చల్లితేనే అది వస్తుంది. సంచికి చిన్న చిల్లు పడినా వేరే పుప్పొడి దూరుతుంది, వంశం మారిపోతుంది.

అందుకే తోటలో రాలిన పండు మొలిస్తే, బాగుంది కదా అని తీసి నాటడం పనికిరాదు. టెనెరా చెట్టుకు టెనెరా పుప్పొడే పడిందనుకుందాం. ఆ పిల్లల్లో నూటికి 25 డ్యూరా, 50 టెనెరా, 25 పిసిఫెరా వస్తాయి. ఎకరానికి 57 మొక్కలు లెక్క. అందులో 14 దాకా టెంక కాయలు, మరో 14 దాకా గొడ్డు చెట్లు. రోడ్డు పక్కన బండి మీద చవకగా అమ్మే మొక్కలు ఇలాంటివే కావచ్చు. రాయితీ కోసం తిరగలేక వాటిని కొనుక్కున్న రైతు చేతులారా తోట చెడగొట్టుకున్నట్టే.

మంచి విత్తనం మన దేశంలోనూ తయారవుతుంది. ఏలూరు జిల్లా పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం 1995 నుంచి ఉంది. కేరళలో పాలోడ్ ఉంది. కాని అడిగినంత విత్తనం దొరకదు. 2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ పథకం తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల ఎకరాల లక్ష్యం పెట్టుకుంది. ఎకరానికి 57 చొప్పున లెక్క వేయండి, 11 కోట్ల పైచిలుకు మొక్కలు కావాలి. అంత విత్తనం మన తోటల్లో లేదు. మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్, కోస్టారికా దేశాల నుంచి మొలకలు తెప్పిస్తున్నది అందుకే.

కాగితం ముందు, సరుకు తర్వాత

పామాయిల్ గింజ ఊరికే మొలవదు. వేడి గదిలో వారాల తరబడి ఉంచి నిద్ర వదిలించాలి, తర్వాత తడిపి మొలకెత్తించాలి. వేరు, మొలక చిన్నగా బయటికి వచ్చిన స్థితిలో సంచుల్లో కట్టి, చల్లదనం నిలిచే పెట్టెల్లో పెట్టి విమానంలో పంపుతారు. ఎండ పడదు, ఆరిపోవడం పడదు, నలగడం అసలే పడదు. బియ్యం బస్తాలా ఓడలో వారాల తరబడి తెచ్చే సరుకు కాదిది.

తెప్పించేవాడు ముందుగా మొక్కల క్వారంటైన్ శాఖ నుంచి దిగుమతి అనుమతి తీసుకోవాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇది తప్పనిసరి. ఏ దేశం నుంచి, ఏ మొక్క, ఎంత, ఏ విమానాశ్రయంలో దిగుతుంది అన్నీ అందులో ఉంటాయి. పంపే దేశంలో అక్కడి ప్రభుత్వ అధికారి సరుకు తనిఖీ చేసి, ఫలానా తెగుళ్లు లేవని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఇవ్వాలి. మన అనుమతిలో అడిగిన మాటలే ఆ సర్టిఫికెట్‌లో ఉండాలి. ఒక్క షరతు తప్పినా, మొక్క శాస్త్రీయ నామం తేడా పడినా, పెట్టెల సంఖ్య కలవకపోయినా ఇక్కడ ఆపేస్తారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ నూటికి నూరుపాళ్లు చెల్లుతుంది. పంపేవాడు పంపాడు, డబ్బు కట్టేవాడు కట్టాడు, విమానం దిగింది, కాని కాగితం ఒప్పుకోదు.

డబ్బు సంగతి ఇంకో చిత్రం. ఇంత దూరం బేరాల్లో చాలావరకు బ్యాంకు పూచీ పత్రం మీదే చెల్లింపు జరుగుతుంది. అమ్మినవాడు బిల్లు, రవాణా పత్రం, సర్టిఫికెట్లు బ్యాంకులో దాఖలు చేస్తాడు. అవి షరతులతో సరిపోతే బ్యాంకు డబ్బిస్తుంది. బ్యాంకు చూసేది కాగితాన్ని. పెట్టె విప్పి మొలక చూడదు. అందుకని మొలక మంచిదా కాదా అన్నది కొన్నవాడు ముందే ఒప్పందంలో రాయించుకోవాలి. ఎన్ని చచ్చిపోతే బదులు ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఫిర్యాదు చేయాలి, పదేళ్లకు వంశం తేడా అని తేలితే ఎవరి బాధ్యత? మొదటి రెండూ ఒప్పందాల్లో మామూలుగా ఉంటాయి. మూడోదే రైతుకు కావాల్సింది, బేరానికి కూర్చున్నవాళ్లు సులువుగా మరిచిపోయేదీ అదే.

దారిలో నష్టం ఎవరిది అన్నది మనకు తెలియని లెక్కేం కాదు. మిర్చి కళ్లంలో అమ్మితే కాటా అయ్యాక కొన్నవాడిదే పూచీ. ఖమ్మం యార్డుకు తోలితే అక్కడ కాటా అయ్యేదాకా వానొచ్చినా బస్తా చినిగినా మనదే. దిగుమతిలో కూడా అంతే. సరుకు ఎక్కించేదాకా అమ్మినవాడి పూచీ, ఎక్కాక కొన్నవాడి పూచీ అన్నది ఒక షరతు. కిరాయి, బీమా కలిపి ధర చెప్పే పద్ధతి మరొకటి. ఈ రెండోదాంట్లో కూడా దారిలో పాడైతే కొన్నవాడే బీమా కంపెనీ వెంటపడి రాబట్టుకోవాలి. పెట్టె తడిసిందా, చితికిందా అన్నది దించుకున్న రోజే రాయించకపోతే బీమా రావడం కష్టం.

ఈ బీమా అంతా తెప్పించేవాడి డబ్బుకు. మొలక ఖరీదు వరకే. ఆ మొలక వల్ల రైతు పోగొట్టుకునే 4 ఏళ్లకు అందులో పైసా లేదు.

క్వారంటైన్ అడ్డంకి కాదు

ఇన్ని కాగితాలెందుకు, పనికి అడ్డం కాకపోతే అనిపిస్తుంది. 2021-22లో మిరప చేలు గుర్తు చేసుకోండి. పూతలో నల్ల తామర పురుగు చేరి ఖమ్మం, వరంగల్, గుంటూరు వైపు మిరప రైతును నిలువునా ముంచింది. అది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడింది. తర్వాత ఆరేడేళ్లకు మన మిరప మీద విరుచుకుపడింది. పామాయిల్ ఆకు అడుగున చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టి, తెల్లటి మైనం పరిచి, మసి పట్టించే సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా పురుగు. 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో కొబ్బరి మీద కనబడి, గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటలకు పాకింది. సరిహద్దు దగ్గర తప్పించుకున్న పురుగుకు మందు కొనేది కస్టమ్స్ వాడు కాదు, రైతు.

ఆఫ్రికా తోటల్లో ఫ్యుజేరియం ఎండు తెగులు ఉంది. చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఆ శిలీంధ్రం గింజ పైపెంకుకు అంటుకొని ప్రయాణించగలదు. దక్షిణ అమెరికాలో బ్రెజిల్, ఈక్వడార్ తోటలకు అది విత్తనంతోనే వెళ్లి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం. అందుకే గింజ శుద్ధి చేయాలని, సర్టిఫికెట్‌లో రాయాలని, నాటే సరుకును దిగిన తర్వాత కూడా నిఘాలో పెంచాలని నిబంధనలు.

సక్రమంగా తెచ్చుకున్న దిగుమతి మేలు చేసిన కథ కూడా ఈ పంటలోనే ఉంది. పామాయిల్ ఆడపూతకు పుప్పొడి చేరవేసే చిన్న ముక్కు పురుగు ఆఫ్రికాది. అది లేని రోజుల్లో మలేషియా తోటల్లో కూలీలు చేత్తో పుప్పొడి చల్లేవాళ్లు. ఆ పురుగు వేరే పంటలను తినదని పరీక్షలు చేసి తేల్చుకొని, రోగాలు లేని తరాన్ని పెంచి 1981లో మలేషియాలో వదిలారు. మన దేశానికి 1985లో కేరళ ద్వారా వచ్చింది. ఇవాళ మగపూత మీద గుంపులుగా ముసిరే ఆ పురుగులను చూసి మందు కొట్టే రైతులు ఇంకా ఉన్నారు. కొట్టకండి. అవి లేకపోతే గెలలో గింజ కట్టదు.

ఆలస్యం ఎవరి నెత్తిన?

మొలక విమానాశ్రయంలో ఒక రోజు ఆగిందంటే దాని ఆయుష్షు ఒక రోజు తగ్గినట్టే. శనివారం సాయంత్రం దిగిందనుకోండి, ఆదివారం తనిఖీకి ఎవరూ లేరనుకోండి, సోమవారం కాగితంలో తప్పు దొరికిందనుకోండి. ఆలస్యం అమృతం విషం. అందుకే అనుభవమున్నవాళ్లు వారం మొదట్లో దిగేలా విమానం చూసుకుంటారు. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే కస్టమ్స్ పత్రాన్ని సరుకు రాకముందే దాఖలు చేస్తారు. సర్టిఫికెట్ నకలు ముందే తెప్పించి, ఒక్కో మాట సరిచూస్తారు. అనుభవం లేనివాళ్లు, తొందరలో ఉన్నవాళ్లు దిగాక చూద్దాం అనుకుంటారు.

ఈ ఆలస్యం రైతుకు ఎలా తగులుతుందో చూద్దాం. మొలకను చిన్న సంచిలో 3, 4 నెలలు, తర్వాత పెద్ద సంచిలో మిగతా కాలం, మొత్తం 12 నెలల పైన పెంచాలి. వానాకాలం జూన్, జూలైలో నాటాలంటే మొలక ముందటి ఏడు వేసవికే నర్సరీలో పడాలి. అది 2, 3 నెలలు ఆలస్యమైతే రైతుకు మొక్క వానలు వెనకపట్టాక అందుతుంది. లేదా మరుసటి ఏడు దాకా సంచిలోనే ముదురుతుంది. సంచి చీల్చుకొని వేర్లు నేలలోకి పోయిన మొక్కను పెరికి తెచ్చి నాటితే కోలుకోవడానికే ఏడాది పడుతుంది.

ఇంకో ప్రమాదం దీనికన్నా పెద్దది. ఎంత మంచి మొలకైనా నర్సరీలో నూటికి 20, 25 మొక్కలు ఏరి పారేయాల్సిందే. ఆకు సన్నగా గడ్డిపోచలా నిలబడ్డవి, ఆకులు చీలక అతుక్కునే ఉన్నవి, తల చదునుగా కత్తిరించినట్టున్నవి, గిడసబారినవి, నిట్టనిలువుగా బిర్రబిగిసినవి, అన్నీ తీసేయాలి. అవి రోగం మొక్కలు కావు, పుట్టుక లోపం. దారిలో మొలకలు చచ్చి సంఖ్య తగ్గినప్పుడు, పైనుంచి ఇన్ని ఎకరాలు నాటించాలని లక్ష్యం ఒత్తిడి ఉన్నప్పుడు, ఏరి పారేయాల్సిన మొక్కలు కూడా లారీ ఎక్కే ప్రమాదముంది. లక్ష్యం ఎకరాల్లో పెట్టినంత కాలం ఈ బెడద ఉంటుందని నా అభిప్రాయం. బతికిన మొక్కల లెక్క, నాలుగో ఏటి దిగుబడి లెక్క అడిగితే కథ వేరేగా ఉండేది.

నర్సరీ గేటు దగ్గర

లారీ ఊళ్లోకి వచ్చి దించేసి పోతుంటే మొక్కల వంక చూసేవాళ్లే తక్కువ. వీలైతే ఒకసారి నర్సరీకే వెళ్లండి. నలుగురైదుగురు కలిసి వెళ్తే కిరాయి కలిసొస్తుంది. 12 నెలల మొక్క మీటరు పైన ఎత్తుండాలి, పచ్చటి ఆకులు 13 దాకా ఉండాలి, మొదలు లావుగా ఉండాలి. వరస మొత్తానికి ఒకే ఎత్తున్న మొక్కల మధ్య కొన్ని మాత్రం మరీ పొట్టిగానో మరీ సన్నగా పొడుగ్గానో ఉంటే వాటిని వద్దనండి. రాయితీ మొక్క కదా, ఏదిస్తే అది తీసుకోవాలి అనుకోవద్దు. జాతీయ పథకంలో మొక్కల కోసం హెక్టారుకు 29,000 రూపాయలు సాయం ఇస్తున్నది మీ పేరు మీదే.

రసీదు తప్పకుండా తీసుకోండి. రైతు వాటాగా మీరు కట్టింది తక్కువే కావచ్చు, దానికీ రసీదు కావాలి. అందులో మొక్కల సంఖ్య, తేదీ మాత్రమే ఉంటే చాలదు. మొలక ఏ దేశానిది, ఏ విత్తన సంస్థది, రకం పేరేమిటి, లాట్ నంబరు ఎంత, నర్సరీలో ఏ తేదీన నాటారు అన్నవి రాయించండి. విదేశం నుంచి వచ్చిన ప్రతి సంచి మీద ఏ తల్లి, ఏ తండ్రి అని తెలిపే సంకేతం ఉంటుంది. నర్సరీ వాళ్లు ఆ సంకేతాన్ని వరస వరసకు రాసుకోవాలి. అది ఉన్నన్ని రోజులు ఏ మొక్కలో తేడా వచ్చినా వెనక్కి నడుచుకుంటూ తల్లి చెట్టు దాకా పోవచ్చు. నర్సరీలో సంచులు కలగాపులగం అయ్యాయంటే ఆ దారి మూసుకుపోయినట్టే. రాసివ్వమంటే విసుక్కునేవాళ్లు కూడా ఉంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. మొక్క ఇంకా వాళ్ల దగ్గర ఉన్నప్పుడే అడగాలి.

నాటిన రోజే ఒక తెల్ల కాగితం మీద తోట బొమ్మ గీసుకోండి. ఏ వరసలో ఏ లాట్ మొక్క, ఎన్ని అని గుర్తు పెట్టండి. మన అడవి అంచు చేలల్లో ఇది మరీ అవసరం. ఎందుకంటే మొదటి రెండేళ్లలో అడవి పందులు, ముళ్లపందులు మొదలు తవ్వి మెత్తటి మొవ్వ తినేస్తాయి. పోయినచోట మళ్లీ మొక్క తెచ్చి నాటుతాం. ఆ కొత్త మొక్క ఇంకో లాట్‌ది అయి ఉంటుంది. రాసుకోకపోతే నాలుగేళ్లకు ఏది ఏదో ఎవరికీ తెలియదు. మొక్క చుట్టూ ఇనుప వల కట్టుకున్న రైతుకు ఈ తిప్పలు తక్కువ.

నాలుగో ఏడు కత్తి పరీక్ష

చెట్టు బలం పుంజుకోవాలని మొదటి రెండున్నర, మూడేళ్లు పూత తీసేస్తాం. మంచిదే. కాని దానివల్ల గొడ్డు చెట్టు కూడా మన కంటబడకుండా దాక్కుంటుంది. పూత వదిలాక ప్రతి చెట్టుకూ ఒక గెల నుంచి పండిన కాయ తీసి అడ్డంగా కోసి చూడండి. టెంక పల్చగా ఉండి, దాని చుట్టూ గుజ్జులో నల్లటి పీచు చుక్కలు వలయంలా కనబడితే టెనెరా. టెంక మందంగా ఉండి ఆ వలయం లేకపోతే డ్యూరా. టెంకే లేకపోతే పిసిఫెరా. ఇంటి కత్తిపీట చాలు. కోసిన ముక్కలు చెట్టు నంబరుతో పాటు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పక్క చెట్ల కంటే ఎత్తుగా, ఏపుగా పెరిగి, గెలలు వేస్తూ అవి పండకుండానే కుళ్లిపోతుంటే పిసిఫెరా అని అనుమానించాలి. 2013లో టెంకను నిర్ణయించే జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించారు కాబట్టి, ఆకు ముక్కతోనే తేల్చే పరీక్ష కూడా ఇప్పుడు ఉంది. నర్సరీ దశలోనే కొన్ని మొక్కలకు ఆ పరీక్ష చేయించి ఇవ్వమని రైతు సంఘాలు అడగడంలో తప్పులేదు.

అయితే గెల రాని ప్రతి చెట్టూ మోసపు చెట్టు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. నీటి ఎద్దడి పడితే పామాయిల్ చెట్టు మగపూతే వేస్తుంది. ఇవాళ గెల లేకపోవడానికి కారణం దాదాపు 2 ఏళ్ల కిందటి ఎండాకాలంలో ఉండొచ్చు. కాపు చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి. బోరు మార్చిలోనే గుడ్లు తేలేసే ఎర్రచెల్క మీద, కరెంటు లైను రాని పోడు పట్టా మీద ఎంత మంచి మొలకైనా ఏం చేస్తుంది? అక్కడ పామాయిల్ వేయించినవాళ్లది తప్పు, మొలకది కాదు. కాయలు కోసి చూస్తే టెనెరా అయి ఉండి మగపూతే ఎక్కువగా ఉంటే నీళ్లు, ఎరువుల సంగతి చూసుకోవాలి. కాయలో టెంక మందం ఉంటే అప్పుడు పుట్టుక సంగతి అడగాలి.

తేడా తేలితే కోపంలో చెట్లు కొట్టేయకండి. కొట్టేస్తే సాక్ష్యం పోయినట్టే. మండల ఉద్యాన అధికారికి, మొక్క ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. శాస్త్రవేత్తలతో తోట చూపించమని అందులోనే అడగండి. ఒక్కరు అడిగే కంటే, అదే లాట్ మొక్క వేసిన పదిమంది కలిసి అడిగితే పని జరుగుతుంది. లాట్ నంబరు రాయించుకోమన్నది ఇందుకు కూడా.

అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల చట్టం కింద నష్టపరిహారం అడగవచ్చని సుప్రీంకోర్టు 2012 జనవరి 16న తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది మన తెలుగు రైతులే, ఎదుటి పక్షం జాతీయ విత్తన సంస్థ. విత్తనం మిగిల్చి పరీక్షకు పంపలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. రైతు విత్తనం మొత్తం చల్లుకుంటాడు గాని దాచిపెట్టుకోడు కదా. ఫిర్యాదుకు గడువు మాత్రం 2 ఏళ్లు. లోపం బయటపడ్డాక వచ్చే ఏడు చూద్దాంలే అని ఊరుకోవద్దు. 5 లక్షల లోపు విలువైన ఫిర్యాదుకు రుసుం లేదు.

ఓడ రేవులో గెల ధర

మొక్క మంచిదే వచ్చింది, గెలలు దిగాయి. ఇక దిగుమతితో మనకు సంబంధం తీరిపోయిందా? తీరలేదు. ఈసారి విమానం బదులు ఓడ.

మన దేశం వాడే పామాయిల్‌లో చాలా భాగం ఇండోనేషియా, మలేషియా నుంచి ఓడల్లో వస్తుంది. కాకినాడ, కృష్ణపట్నం లాంటి రేవుల్లో దిగుతుంది. అక్కడ ముడి నూనె ఏ ధరకు పడుతుందో దాన్ని బట్టే ఇక్కడ ముడి నూనె ధర, దాన్ని బట్టే గెల ధర. జాతీయ పథకం సూత్రం ప్రకారం గెల ధర ముడి నూనె ధరలో 14.3 శాతం. ముడి నూనె టన్ను లక్ష రూపాయలుంటే గెల టన్ను 14,300 అన్నమాట. మన రాష్ట్రంలో ఫ్యాక్టరీ తీసే నూనె శాతాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే టెంక గెలలు ఎక్కువైతే ఆ ఒక్క రైతుకే కాదు, అందరి ధరకూ ఎసరు.

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన నూనె ఎగుమతి ఆపేసింది, మే 23న మళ్లీ తెరిచింది. ఆ రోజుల్లో ఇక్కడ గెల టన్ను 20 వేలు దాటింది. తర్వాత దిగజారింది. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకం 20 శాతం చేసింది. దాని మీద వ్యవసాయ సెస్సు 5 శాతం, ఆ రెండింటి మొత్తం మీద పదో వంతు సర్‌చార్జి కలిపితే 27.5 శాతం. అంతకుముందు మొత్తం 5.5 శాతమే. 2025 మే 30 నుంచి ప్రాథమిక సుంకం 10 శాతానికి తగ్గించారు. అదే లెక్కన మొత్తం 16.5 శాతం. ఢిల్లీలో ఒక రాత్రి వచ్చిన ఉత్తర్వుతో దమ్మపేటలో గెల ధర కదిలింది.

ఇంకో కిటుకుంది. సుంకం వేసేది వ్యాపారి చూపే బిల్లు ధర మీద కాదు. కేంద్రం పదిహేను రోజులకోసారి టారిఫ్ విలువ అని ఒక ధర ప్రకటిస్తుంది, దాని మీద లెక్కిస్తారు. బిల్లు తక్కువ చూపి సుంకం ఎగ్గొట్టకుండా ఈ ఏర్పాటు. ఆ విలువ డాలర్లలో ఉంటుంది కాబట్టి రూపాయి పడితే నూనె ప్రియమవుతుంది, గెల రైతుకు అంతో ఇంతో ఊరట. వంటనూనె కొనే ఇల్లాలికి మాత్రం అది బరువు. ఈ తక్కెడ ఎప్పుడు ఎటు మొగ్గుతుందో మన చేతిలో లేదు.

1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం మన ప్రాంతానికి కేటాయించిన ఫ్యాక్టరీకే గెల తోలాలి, వాళ్లూ కాదనకుండా కొనాలి. ధర నెలనెలా మారుతుంది. ఏ నెల తోలిన గెలకు ఆ నెల ధర రావాలి కాబట్టి, కాటా చీటీ మీద తేదీ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి. నెలాఖరున క్యూలో నిలిచిన ట్రాక్టరుకు మరుసటి నెల తేదీ పడితే ఒక్కోసారి టన్నుకు వెయ్యి రూపాయల దాకా తేడా రావచ్చు, అది లాభమైనా కావచ్చు, నష్టమైనా కావచ్చు. పైగా కోసిన గెల 24 గంటల్లో మరగకపోతే నూనెలో పులుపు పెరుగుతుంది. ధర పెరుగుతుందని కోసిన గెలను కుప్పపోసి ఆపుకోవడం కుదరదు. కోత తేదీనే ముందుకో వెనక్కో వారం జరుపుకోవచ్చు, అంతకు మించి ఆపితే పండ్లు రాలిపోతాయి.